తాకట్టు బంగారం – తాళాల గుత్తి

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ కాస్త చరిత్ర చెప్పుకుందాం. చరిత్ర అనగానే రాజులూ, యుద్ధాలూ, తారీఖులూ గుర్తొచ్చి ఆవులించకండి. నేను చదువుకున్నది పదో తరగతి దాకానే. ఆ తారీఖులంటే నాకూ బెదురే. కానీ కొంత చరిత్ర మన వంటింట్లోనే జరిగింది. మన గ్యాసుబండ ధరలో జరిగింది, రేషను బియ్యం సంచిలో జరిగింది, బీరువాలో గుడ్డముక్కలో చుట్టి దాచుకున్న బంగారంలో జరిగింది. ఆ చరిత్రే ఇది.

ముందు మా ఇంటి సంగతి చెప్పనివ్వండి. నాకు పదేళ్ళప్పుడు మా నాన్నగారికి కడుపులో ఆపరేషను అయింది. చేతిలో డబ్బు లేదు. అమ్మ తన నాలుగు గాజులూ తీసి ఇచ్చింది. నాన్నగారు వాటిని తెలిసిన షావుకారు దగ్గర తాకట్టు పెట్టారు. మా నాయనమ్మకు చెబితే బాధపడుతుందని ఆమెకు చెప్పలేదు. అమ్మ గిల్టు గాజులు వేసుకుని తిరిగేది.

ఆ షావుకారు చెడ్డవాడేమీ కాదు. వడ్డీ కూడా అన్యాయంగా వెయ్యలేదు. నెలకోసారి వచ్చి వసారాలో కూర్చునేవాడు. అమ్మ కాఫీ ఇచ్చేది. ఆయన ఒక గుక్క తాగి, "పంచదార కాస్త దండిగానే పడుతోందే అమ్మాయ్" అనేవాడు. ఇంకో నెల, "ఇంటికి పేపరెందుకండీ, లైబ్రరీలో చదువుకోవచ్చుగా" అన్నాడు. మూడో నెల నా సంగీతం మీదికి వచ్చాడు. "ఆడపిల్లకు పాటలెందుకిప్పుడు, ఆ ఫీజు వడ్డీకి వస్తుంది" అన్నాడు. నా సంగీతం అక్కడితో ఆగిపోయింది.

ఆయన వెళ్ళాక అమ్మ అన్న మాట నాకిప్పటికీ గుర్తు. "ఆయన చెప్పినదాంట్లో తప్పేముందే? పొదుపు చెయ్యాల్సిందే. కానీ మన ఇంట్లో ఏది మానాలో చెప్పే హక్కు ఆయనకొచ్చింది చూశావూ, అదే నా బాధ."

దాదాపు ఆ రోజుల్లోనే, 1991లో, మన దేశం కూడా బంగారం తాకట్టు పెట్టింది. అప్పుడు దేశానికీ ఇలాంటి సలహాలే వచ్చాయి. అయితే మన ఇంటికీ దేశానికీ ఒక తేడా ఉంది. దేశం తన రూపాయి నోట్లు తనే అచ్చువేసుకోగలదు. కానీ డాలర్లు అచ్చువెయ్యలేదు. పెట్రోలుకూ, కిరసనాయిలుకూ కావలసిన ముడిచమురు కొనాలంటే డాలర్లే కావాలి. అవి ఎగుమతులతో రావాలి, లేదా విదేశాల్లో కష్టపడే మనవాళ్ళు పంపాలి, లేదా అప్పు తేవాలి. చిక్కంతా ఆ మూడో దారిలోనే ఉంది.

ఈ చిక్కు 1991లో మొదటిసారి వచ్చింది కాదు. ఇంకా వెనక్కి వెళ్ళాలి. 1965లో, 1966లో వరసగా వానలు పడలేదు. దేశంలో తిండిగింజలు చాల్లేదు. 1956లో అమెరికాతో కుదిరిన పి.ఎల్. 480 ఒప్పందం కింద గోధుమలు వస్తూ ఉండేవి. 1966లో అటూ ఇటూ కలిపి కోటి టన్నుల పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నాం. రేవులో ఓడ దిగితే ఊళ్ళో పొయ్యి వెలిగే రోజులవి. అన్నం తప్ప ఎరగని మన ఇళ్ళల్లో గోధుమ నూక ఉప్మాలూ, చపాతీలూ అలవాటయింది ఆ కరువు రోజుల్లోనే అని మా అమ్మమ్మ చెప్పేది.

అప్పుడు అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్. ఆయన ఓ పద్ధతి పెట్టారు. ఏడాదికి సరిపడా గోధుమలు ఒకేసారి ఒప్పుకోకుండా, నెలకింతని ఓడలు వదిలేవారు. పలుపుతాడు పొట్టిగా కట్టిన ఆవు ఎంతమేర మేస్తుందో అంతమేర మనం మెయ్యాలి. వ్యవసాయం సంగతి మీరు సరిగ్గా చూసుకోవాలని ఆయన షరతు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ వియత్నాం యుద్ధం గురించి మన ప్రభుత్వం అన్న మాటలు కూడా ఆయనకు రుచించలేదు. అప్పుడు కూడా ఓడలు ఆలస్యమయ్యేవి. తిండి పెట్టేవాడు మన నోటి మీద కూడా చెయ్యి వేశాడన్నమాట.

అదే ఏడాది జూన్ 6న ఇందిరాగాంధీ గారి ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. అంతకుముందు డాలరుకు 4 రూపాయల 76 పైసలు ఇస్తే సరిపోయేది. ఆ రోజు నుంచీ 7 రూపాయల 50 పైసలు ఇవ్వాల్సి వచ్చింది. ప్రపంచ బ్యాంకూ, అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థా అలా చెయ్యమని గట్టిగా చెప్పాయి. చేస్తే సాయం దండిగా వస్తుందన్నారు. ఆశించినంత సాయం ఆ తర్వాత నిలకడగా రాలేదు. కాంగ్రెసు అధ్యక్షుడు కామరాజ్ గారికే ఇది మింగుడుపడలేదు. 1967 ఎన్నికల్లో కాంగ్రెసు ఎనిమిది రాష్ట్రాల్లో మెజారిటీ పోగొట్టుకుంది. కారణం రూపాయి ఒక్కటే కాదు, ధరలున్నాయి, కరువుంది. కానీ జనానికి కోపం వస్తే ఎక్కడ చూపించాలి? వాషింగ్టన్‌లో మనకు ఓటు లేదు. మన ఊళ్ళో ఉంది. ఇక్కడే చూపించారు.

ఆ అవమానం మనవాళ్ళను ఊరికే కూర్చోనివ్వలేదు. ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం గారు కొత్త విత్తనాలు తెప్పించారు. పంజాబులో గోధుమ, మన డెల్టాల్లో వరి. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారనే రైతు 1967లో ఐ.ఆర్. 8 రకం వరి పండించి చూపించారు. ఆ విత్తనం ఆయన పొలంనుంచి ఎన్నో ఊళ్ళకు వెళ్ళింది. 1971 చివరికల్లా రాయితీ గోధుమలు ఇక వద్దని మన ప్రభుత్వం చెప్పగలిగింది. గాదె నిండాక గానీ ఆ మాట నోట రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు 1991కి వద్దాం. 1980లలో ప్రభుత్వం వచ్చినదానికన్నా ఎక్కువ ఖర్చు చేసింది. విదేశాల్లో అప్పులు చేసింది. అందులో త్వరగా తీర్చాల్సిన చిన్న గడువు అప్పులూ ఉన్నాయి. ప్రవాస భారతీయులు ఎక్కువ వడ్డీ వస్తుందని ఇక్కడ డాలర్లు దాచుకున్నారు. వాటినీ మనం వాడేసుకున్నాం. ఇది ఎవరో బయటివాళ్ళు చేసిన తప్పు కాదు. మన ఇంట్లో మనం చేసిన తప్పే. అప్పు చేసి పప్పు కూడు అంటారే, అదే.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది. చమురు ధర పైకి లేచింది. కువైట్, ఇరాక్‌లలో ఉన్న మనవాళ్ళు లక్షా డెబ్భై వేలమంది దాకా ఉన్నపళంగా వచ్చెయ్యాల్సి వచ్చింది. వాళ్ళను తీసుకురావడానికి విమానాలు వందలసార్లు తిరిగాయి. కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ అక్కడి ఇళ్ళల్లో వంటపనికీ, పిల్లల్ని చూసే పనికీ వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో. అటు చమురు ఖర్చు పెరిగింది. ఇటు వాళ్ళు పంపే డబ్బు ఆగింది. ఇది చాలదన్నట్టు, దేశాల పరపతికి మార్కులు వేసే మూడీస్, స్టాండర్డ్ అండ్ పూర్స్ అనే కంపెనీలు మన మార్కులు తగ్గించాయి. పరపతి పోయిన ఇంటికి అప్పు పుడుతుందా? పుట్టలేదు. పైపెచ్చు దాచుకున్న డాలర్లు కూడా చాలామంది వెనక్కి తీసుకుపోయారు. ఆ కంపెనీలకు ఎవరూ ఓట్లు వెయ్యలేదు. కానీ వాళ్ళు వేసిన మార్కు మన బడ్జెట్టును కుదిపేసింది.

1991 జూన్ నాటికి మన దగ్గర మిగిలిన విదేశీ డబ్బు నూరు కోట్ల డాలర్ల పైచిలుకు. రెండు మూడు వారాల దిగుమతులకు మించి రాదు. ఢిల్లీలో స్థిరమైన ప్రభుత్వం లేదు. చంద్రశేఖర్ గారు మార్చిలోనే రాజీనామా ఇచ్చి ఎన్నికల దాకా ఉన్నారు. పూర్తి బడ్జెట్టయినా ప్యాసు కాలేదు. మే నెలలో, ఒకపక్క మనం ఓట్ల క్యూలలో నిలబడుతున్న నెలలోనే, దొంగరవాణాలో పట్టుకున్న బంగారం 20 టన్నులు స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండుకు వెళ్ళింది. మళ్ళీ కొనుక్కునే హక్కు మనకు ఉంచుకుని అమ్మారు. మే 21న రాజీవ్ గాంధీ గారిని చంపేశారు. ఎన్నికలు వాయిదా పడి జూన్‌లో ముగిశాయి.

జూన్ 21న ప్రధానమంత్రి అయినవారు మన పి.వి. నరసింహారావు గారు. అప్పటి కరీంనగర్ జిల్లా వంగర బిడ్డ. ఆ ఎన్నికల్లో ఆయన పోటీ చెయ్యలేదు. నవంబరులో నంద్యాల నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్ళారు. పార్టీకి సొంతంగా మెజారిటీ లేదు. ఖజానాలో డాలర్లు లేవు. ఆర్థికమంత్రిగా మన్మోహన్ సింగ్ గారిని తెచ్చుకున్నారు.

జూలైలో రిజర్వు బ్యాంకు సొంత బంగారం దాదాపు 47 టన్నులు విమానాల్లో లండన్‌కు వెళ్ళింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కుదువపెట్టి, ఇంగ్లండ్, జపాన్ దేశాల బ్యాంకుల దగ్గర 40 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. బంగారం బొంబాయిలో రిజర్వు బ్యాంకు నుంచి విమానాశ్రయానికి రహస్యంగా వెళ్ళింది. దారిలో ఒక వ్యానుకు టైరు పోతే కాపలావాళ్ళు గాబరాపడ్డారని చెప్పుకుంటారు. చివరికి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆ సంగతి బయటపెట్టింది. దేశం గగ్గోలు పెట్టింది.

అదే జూలై 1న, 3న రెండు దఫాలుగా రూపాయి విలువ తగ్గించారు. 21 రూపాయల చిల్లర ఉన్న డాలరు దాదాపు 26 రూపాయలయింది. ఇక్కడో చిన్న సంగతి. మొదటి దెబ్బకే గొడవ లేచేసరికి పి.వి. గారు రెండోదాన్ని ఆపమన్నారు. ఆ కబురు రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు రంగరాజన్ గారికి చేరేసరికి ప్రకటన అయిపోయింది. ఈ రంగరాజన్ గారే తరువాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. చూడండి, మనం ఎన్నుకున్న పెద్దమనిషి ఆపుదామనుకున్నా ఆగని పరుగు అది.

జూలై 24న బడ్జెట్టు వచ్చింది. గ్యాసుబండ ధర నూటికి 20 పెరిగింది. ఎరువుల ధర నూటికి 40 పెంచుతామన్నారు. మా తాతయ్యకు తెనాలి దగ్గర రెండెకరాల మాగాణి ఉండేది. రేడియోలో ఆ వార్త విని ఆయన మాట్లాడకుండా లేచి పొలానికి వెళ్ళిపోవడం నాకు గుర్తు. ఆగస్టులో అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థకు ఆర్థికమంత్రి ఉత్తరం రాశారు. ఖర్చులు ఇలా తగ్గిస్తాం, ఎరువుల రాయితీ ఇలా తగ్గిస్తాం, పరిశ్రమల లైసెన్సులు తీసేస్తాం అని. అక్టోబరులో వాళ్ళు 220 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశారు. "ఇది వాషింగ్టన్‌లో రాసిన బడ్జెట్టు" అని ప్రతిపక్షాలు అన్నాయి. "కాదు, మన మేలుకోసం మనమే చేసుకుంటున్నాం" అని ప్రభుత్వం అంది. నన్నడిగితే రెండింట్లోనూ కొంత నిజముంది. మా అమ్మ అన్నట్టు, పొదుపు చెయ్యాల్సిందే. కానీ చెప్పినవాడెవడు అన్నదీ ప్రశ్నే.

ఆ ద్రవ్యనిధి సంస్థ 1944లో అమెరికాలో బ్రెట్టన్‌వుడ్స్ అనే చోట జరిగిన సమావేశంలో పుట్టింది. మన దేశం కూడా మొదటినుంచీ సభ్యురాలే. కానీ అక్కడ ఓటు పద్ధతి వేరు. ఎవరు ఎక్కువ డబ్బు పెడితే వాళ్ళకు ఎక్కువ ఓట్లు. అమెరికాకు నూటికి పదహారు పైగా ఓట్లున్నాయి. మనకు మూడు కూడా లేవు. పెద్ద నిర్ణయాలకు నూటికి 85 ఓట్లు కావాలి గనుక అమెరికా ఒక్కటి వద్దంటే అవి జరగవు. మన ఊళ్ళో చూడండి. మేడలో కూర్చున్న కోటీశ్వరుడికీ, ఆ మేడలో అంట్లు తోమే ఆమెకూ ఒక్కొక్క ఓటే. స్వాతంత్ర్యం వచ్చి మనం సంపాదించుకున్నవాటిల్లో నాకన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ఒకచోట మనిషికో ఓటు, ఇంకోచోట రూపాయికో ఓటు. ఈ రెండూ ఎదురుపడినప్పుడు ఏది గెలుస్తుంది? చరిత్రంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

ఎప్పుడూ డబ్బే గెలుస్తుందని నిరాశపడక్కర్లేదు. ఆ ఎరువుల ధర సంగతే చూడండి. పార్లమెంటులో పెద్ద గొడవయింది. ప్రతిపక్షాలే కాదు, కాంగ్రెసు ఎంపీలే లేచి నిలబడ్డారు. వాళ్ళూ రేపు పల్లెలకు వెళ్ళాలి గదా! ఆగస్టు 6న ఆర్థికమంత్రి కాస్త వెనక్కి తగ్గారు. నూటికి 40 కాస్తా 30 అయింది. చిన్న, సన్నకారు రైతులకు పెంపు లేదన్నారు. అంత పీకలమీది కత్తిలాంటి రోజుల్లో కూడా ఓటుకు ఆమాత్రం బలం ఉంది. పార్లమెంటే లేకపోతే ఆ పది కూడా తగ్గేది కాదు.

ఇంకో మాట. 1991లో వచ్చిన మార్పులన్నీ చెడ్డవని నేననను. అంతకుముందు గ్యాసు కనెక్షనుకు ఏళ్ళతరబడి ఎదురుచూశాం. ఫోనుకు పేరు రాయించి మరిచిపోయేవాళ్ళం. స్కూటరు బుక్ చేస్తే పెళ్ళప్పుడు చేసినది పిల్లాడు బళ్ళో చేరేనాటికి వచ్చేది. ఆ రోజులు పోయాయి. మన పిల్లలు కంప్యూటర్లు నేర్చుకుని దేశదేశాలు వెళ్ళారు. అదే సమయంలో మూతపడిన మిల్లులున్నాయి, అప్పులపాలైన రైతుల ఇళ్ళున్నాయి. తాకట్టు పెట్టిన బంగారం ఆ ఏడాది చివరికే విడిపించారు. 2000 సంవత్సరానికల్లా ద్రవ్యనిధి అప్పంతా తీర్చేశాం. 2009లో అదే సంస్థ దగ్గర 200 టన్నుల బంగారం మనమే కొన్నాం. 2024లో, లండన్‌లో దాచిన మన బంగారంలోంచి 100 టన్నులు రిజర్వు బ్యాంకు ఇంటికి తెచ్చుకుంది. ఆ వార్త చదివిన రోజు మా అమ్మకు ఫోను చేశాను. "గాజులు వచ్చేశాయన్నమాట" అంది నవ్వుతూ.

ఇక మూడో కథ బియ్యానిది. 1983లో ఎన్.టి. రామారావు గారు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తామని చెప్పి గెలిచారు, ఇచ్చారు. మంచో చెడో, అది మనం ఓటేసి తెచ్చుకున్న పథకం. 2013లో దేశమంతటికీ ఆహార భద్రత చట్టం వచ్చింది. అందులో ఒక మంచి మాట ఉంది. రేషను కార్డుకు సంబంధించినంతవరకు ఇంటి పెద్ద అంటే ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన పెద్ద వయసు స్త్రీ. మన చేతికి తాళాల గుత్తి ఇచ్చిన చట్టం అది.

కానీ 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. మనమూ సభ్యులం. అక్కడి వ్యవసాయ ఒప్పందం ప్రకారం, ప్రభుత్వం మద్దతు ధరకు ధాన్యం కొని నిలవచేస్తే, ఆ సాయం పంట విలువలో నూటికి పది దాటకూడదు. దాన్ని లెక్కకట్టేది ఏ ధరతో? 1986, 87, 88 నాటి ధరలతో! అప్పుడు మీరు కిలో కందిపప్పు ఎంతకు కొన్నారో గుర్తు తెచ్చుకోండి. ఆ ధర పెట్టి ఇప్పటి ఖర్చును తూకం వేస్తే మనం ఎప్పుడూ దోషులమే. మన రైతు దగ్గర కొని మన పేదవాళ్ళకు పెట్టే అన్నం, ప్రపంచ వ్యాపారానికి అడ్డమని అక్కడ కేసు పెట్టవచ్చు.

2013 డిసెంబరులో బాలి ద్వీపంలో మంత్రులు కూర్చున్నారు. నాలుగేళ్ళు ఎవరూ కేసు పెట్టకుండా ఆగుతామన్నారు. ఆ తర్వాత? 2014 జూలైలో మన ప్రభుత్వం గట్టిగా నిలబడింది. తిండి సంగతి తేల్చందే మీ వర్తక ఒప్పందానికి సంతకం పెట్టమంది. ఢిల్లీలో అప్పటికి ప్రభుత్వం మారింది, పార్టీ మారింది, ఆ మాట మాత్రం మారలేదు. నవంబరులో ఒప్పుకున్నారు. శాశ్వత పరిష్కారం దొరికేదాకా కేసు పెట్టరు. ఆ శాశ్వత పరిష్కారం 2024లో అబుదాబీ సమావేశంలో కూడా తేలలేదు.

1966లో నెలనెలా ఓడకోసం ఎదురుచూసిన దేశం, 2014లో వద్దు అని ఎలా అనగలిగింది? ఒక కారణం, అక్కడ డబ్బును బట్టి ఓట్లు లేవు. అందరూ ఒప్పుకుంటేనే ఏ పనైనా ముందుకు సాగుతుంది. రెండో కారణం, మన గాదెల్లో ధాన్యముంది, మన దగ్గర డాలర్లున్నాయి. షావుకారుకు బాకీ లేని ఇంటావిడ గుమ్మంలో నిలబడి మాట్లాడినట్టు మాట్లాడగలిగాం.

ఇక్కడితో ఆపితే మనం చాలా మంచివాళ్ళమని తేలిపోతుంది. కానీ ఇంకో పక్క కూడా చెప్పాలి. 2023 జూలైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఇక్కడ ధర పెరగకూడదని. వెంటనే అమెరికాలో ఉన్న మన పిల్లలు సోనామసూరి బస్తాలకోసం కొట్లకు పరిగెత్తారు. టీవీలో చూసి నవ్వుకున్నాం. కానీ ప్రపంచంలో దేశాల మధ్య అమ్మకానికి వచ్చే బియ్యంలో నూటికి 40 పాళ్ళు మనవే. సెనెగల్, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాల్లో మన బియ్యం తినే బీదవాళ్ళున్నారు. వాళ్ళు అమెరికా పిల్లల్లాగా నాలుగు బస్తాలు కొని గరాజులో పెట్టుకోలేరు. మన ఓటర్లకోసం మన ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం వాళ్ళ పొయ్యి మీద పడింది. వాళ్ళకు మన దేశంలో ఓటు లేదు. 1966లో వాషింగ్టన్‌లో మనకు లేనట్టే. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. ఈసారి షావుకారు కుర్చీలో కూర్చున్నది మనమే.

అంచేత, ప్రపంచంతో వ్యాపారం మానేసి తలుపులు మూసుకుందామని నేననను. తలుపులు మూసుకున్న ఇంట్లోకి గాలీ రాదు, చుట్టాలూ రారు. అందరికీ నిబంధనలు ఉండాల్సిందే. కానీ ఆ నిబంధనలు ఎవరు రాశారు, మన తరఫున ఎవరు ఒప్పుకున్నారు, ఒప్పుకునేముందు మనతో చెప్పారా అన్నది అడగాలి. మనం ఓట్లప్పుడు రోడ్డు గురించి అడుగుతాం, కుళాయి గురించి అడుగుతాం. "మీరు అప్పు తెస్తే ఏ షరతు మీద తెస్తారు? ఆ కాగితం మాకు చూపిస్తారా?" అని ఎవరం అడుగుతున్నాం? బడ్జెట్టు రోజు గ్యాసు ధరా, బంగారం ధరా చూసి టీవీ కట్టేస్తాం. ఆ ధర వెనక ఏదైనా ఉత్తరం ఉందేమో ఒకసారి చూడాలి. అది పెద్ద చదువులు చదివినవాళ్ళ పనే కాదు. వడ్డీ లెక్క మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

చివరగా మా ఇంటి కథ ముగిస్తాను. గిల్టు గాజుల సంగతి నాయనమ్మకు ఎన్నాళ్ళో దాగలేదు. ఒకరోజు అమ్మ అన్నం వడ్డిస్తుంటే చెయ్యి పట్టుకుని గాజు తడిమి చూసింది. ఆ బరువు తెలియని ఆడది ఉంటుందా! ఏమీ అనకుండా అన్నం తిని లేచింది. సాయంత్రం నాన్నగారిని పిలిచి, "తాకట్టు పెట్టినందుకు కాదురా. ప్రాణంకన్నా గాజులెక్కువా? నాతో ఒక్క మాట చెప్పలేదు చూడు, అందుకు" అంది. ఆ రాత్రే తన పెట్టె తీసి, ఎవరికీ తెలియకుండా దాచుకున్న రెండు కాసులు నాన్నగారి చేతిలో పెట్టింది. ముందే చెప్పి ఉంటే షావుకారు దాకా వెళ్ళే పనే తప్పేదేమో.

1991 జూలైలో దేశానికి వచ్చిన కోపం కూడా అలాంటిదేనని నాకనిపిస్తుంది. బంగారం పోయిందని కాదు, మనకు చెప్పకుండా పోయిందని. కష్టం చెప్పుకుంటే మన జనం ఓర్చుకుంటారు. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు రక్షణ నిధికి మెడలోవీ చేతులవీ తీసి ఇచ్చిన ఆడవాళ్ళు మన ఊళ్ళల్లోనే ఎంతమంది లేరు! వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు. సంగతి చెప్పి అడిగారు, ఇచ్చారు.

ఇంటి తాళాలు మన కొంగున ఉండాలంటే రెండు కావాలి. గాదెలో కాస్త నిలవ, ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క. దేశానికైనా అంతే.

సెలవు.